విల్లుకు కట్టిన పొది

అంతోనయ్యను ఎవరైనా తిడితే ఊరుకునేవాడు. ఒక దెబ్బ వేసినా ఊరుకునేవాడేమో. నవ్వితే మాత్రం పడేవాడు కాదు. చొక్కా గుండీ ఊడితే ఆ పూట పల్లె దాటడు. ఆదివారం పూజకు వెళ్తే ఇస్త్రీ నలుగుతుందని చర్చి గోడకు ఆనుకోడు. తిరువూరు శివార్లలో, విస్సన్నపేట రోడ్డు వైపు మామిడి తోటల్లో కూలి చేసుకునే మనిషికి ఇంత పరువు పిచ్చి ఎందుకని మా బోటివాళ్లం అనుకునేవాళ్లం. పరువు తోటలున్న వాళ్లకే ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదని తర్వాత నాకే అనిపించింది, అది వేరే సంగతి.

అతను ఆదిశేషయ్యగారి తోటకు కావలి ఉండేవాడు. కోతల కాలంలో చెట్లెక్కి కాయ కోసేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క అక్కమ్మ పెంచి పెద్ద చేసి, చిట్టెమ్మనిచ్చి పెళ్లి కూడా చేసింది. అక్కమ్మ మొగుడు శౌరయ్య. అక్క ఇల్లూ తమ్ముడి ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. అంతోనయ్యకు విల్లు పట్టడం నేర్పింది శౌరయ్యే. నేర్పుతున్నంత కాలం గురి తప్పినప్పుడల్లా వేళాకోళం చేసేవాడు. బావ అన్నాక వేళాకోళం చెయ్యకుండా ఎలా ఉంటాడు, బావమరిది అన్నాక పడకుండా ఎలా ఉంటాడు? లోకంలో ఒక్క బావ నవ్వును మాత్రం అంతోనయ్య పళ్లు బిగబట్టి భరించేవాడు. భరించాడంటే మరిచిపోయాడని కాదు. ఒక్కొక్కటీ లోపల దాచుకునేవాడు.

ఆ పల్లెలో అందరూ ఆర్సీయం వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు. విభూతి బుధవారం మొదలు పాస్కా పండుగ, అంటే ఈస్టరు దాకా ఏ ఇంట్లోనూ నీచు వండరు. అన్నాళ్లు నోరు కట్టుకున్నాక పండుగనాడు కూడా ముక్క లేకపోతే అదేం పండుగ? అందుకని పండుగ ముందు శనివారం పొద్దున్నే మగవాళ్లంతా విల్లులు పుచ్చుకుని తోటల వెనక గుట్టల్లోకి పంది వేటకు పోయేవారు. అడవి పందిని కొట్టడం నేరమని చట్టం వచ్చిందని అప్పటికే చెప్పుకుంటున్నారు గాని, వేరుశనగ చేలు కుళ్లగించేస్తున్నాయి రండర్రా అని ఆసాములే కబురు పెడుతుంటే ఆ చట్టం మాట ఎత్తేదెవరు?

పంది పడితే మాంసం ఇంటింటికీ సమానంగా పంచేవారు. తల మాత్రం మొదటి బాణం తగిలించినవాడిది. దాన్ని డప్పులతో అతని గుమ్మం దాకా తెచ్చి ఇచ్చేవారు. ఏడాది పొడుగునా ఆసామి ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషి గుమ్మంలో ఆ ఒక్కరోజు డప్పు మోగితే ఎలా ఉంటుందో బయటివాళ్లకు అర్థం కాదు. అంతోనయ్య గుమ్మంలో ఆ డప్పు ఎప్పుడూ మోగలేదు.

మోగవలసిందే, ఆ ముందు ఏడు. పంది సరిగ్గా అతని ముందుకే వచ్చింది. మొదటి బాణం దాని వీపు మీదుగా పోయింది. రెండోదాని కోసం వీపు వెనక్కి చెయ్యి పెడితే, తండ్రి నాటి వెదురుబొంగు బాణాల పొది జారి ఎక్కడో చంక కిందికి పోయింది. చేతికి బాణం దొరికేలోపు పంది దాటిపోయింది, అవతల నిలబడ్డ యేసుదాసు బాణానికి పడింది. యేసుదాసు గుమ్మంలో డప్పులు మోగాయి. ఇక శౌరయ్య ఏడాదంతా నలుగురు చేరిన చోటల్లా ఆ సంగతి చెప్పడమే. ఊరికే చెప్పడం కాదు, వీపు గోక్కోవడానికి చెయ్యి అందని వాడిలా మెలికలు తిరుగుతూ మరీ చెప్పేవాడు.

అందుకని ఈసారి వేసవి రాగానే, అంటే దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది వేసవిలో, అంతోనయ్య పొది మార్చాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ముందు పాత వెదురుబొంగుకే తోలు పట్టీ బిగించి చూశాడు. బిగిస్తే జారడం లేదు గాని చెయ్యి అందడం లేదు. మేకతోలుతో సంచి కుట్టించి నడుముకు కట్టుకున్నాడు. నడుస్తుంటే బాగానే ఉంది, పరుగెత్తితే తొడకు కొట్టుకుంటోంది, కొమ్మ కిందినుంచి వంగితే బాణాలు ముందుకు దొర్లి నేల మీద పడుతున్నాయి. వేటలో వంగకుండా, పరుగెత్తకుండా ఉండేదెలా?

ఆ రోజుల్లోనే ఒకసారి ఉపదేశి శాంతయ్య ఇంటికి వెళ్లాడు. శాంతయ్య పల్లెలో జపాలు చెప్పించే పెద్దమనిషి. ఆయన అలమరలో అరలకు ఫాదరుగారిచ్చిన అమెరికా పత్రికల కాగితాలు పరిచి ఉండేవి. ఒక కాగితం మీద విల్లు పట్టుకున్న దొర బొమ్మ. ఆ విల్లుకు పైనొక చక్రం, కిందొక చక్రం, వాటి మధ్య అటూ ఇటూ తాళ్లు. విల్లుకు చక్రాలేంటి, బండా అని శాంతయ్య నవ్వాడు. అంతోనయ్య చక్రాల వంక చూడనే లేదు. అతని కళ్లు బాణాల మీద ఉన్నాయి. అవి దొర వీపు మీదా లేవు, నడుముకూ లేవు. విల్లుకే పక్కన వరసగా తగిలించి ఉన్నాయి. వాటి మొనలకుండే ఇనప ములుకులు మాత్రం కనపడకుండా గిన్నెలాంటి దానిలో దాగి ఉన్నాయి. విల్లు ఎక్కడుంటే బాణాలక్కడే, వెతుక్కునే పనే లేదు. అంతోనయ్య ఆ కాగితం అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

తోటలో కావలి ఉంటూనే ఆ పొది తయారు చేశాడు. విల్లు పిడికి పైనొకటి, కిందొకటి చెక్క పలకలు కట్టి, వాటికి సైకిలు ట్యూబు కోసి బాణాలు ఇరికేటట్టు ఉంగరాలు బిగించాడు. పై పలక మీద కొబ్బరి చిప్పను బోర్లా కట్టి, లోపల గుడ్డపీలికలు కూరి, ములుకులు అందులో దాచాడు. మొదట్లో విల్లు బరువుకు ఒక పక్కకు ఒరిగింది. పలకలు రెండూ పిడికి దగ్గరగా జరిపితే ఆ ఒరుగుడు తగ్గింది. నడిస్తే బాణాలు టకటకమన్నాయి. బాణాల పుల్లలకు పాత ఉన్ని చుడితే ఆ చప్పుడూ పోయింది. తాటి మొద్దుకు గురిపెట్టి ఒకదాని వెంట ఒకటి వేస్తుంటే చెయ్యి అసలు వెనక్కి పోవలసిన పనే లేదు. నిజం చెప్పాలంటే చాలా తెలివైన పని. చిట్టెమ్మ కూడా చూసి, ఆ చిప్ప ఉంది కాబట్టి ములుకుల భయం లేదు, బాగుంది అంది.

పండుగకు వారం ముందు, మట్టల ఆదివారం పూజ అయ్యాక అంతోనయ్య ఆ విల్లును చర్చి ముందుకు తెచ్చి అందరికీ చూపించాడు. అందరూ తిప్పి తిప్పి చూశారు. యేసుదాసైతే నాకూ ఒకటి కట్టిపెట్టమని అడిగాడు. అప్పుడు శౌరయ్య దాన్ని అందుకుని, కొబ్బరి చిప్పను వేలితో టకటకా కొట్టి చూశాడు.

"బాగుందిరా అంతోనీ. ముందు చిప్ప చాపి అడుగుతావు, పంది దానంతటది పడకపోతే అప్పుడు బాణమేస్తావు, అంతేనా?"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఫాదరుగారు కూడా అటు తిరిగి నవ్వుకున్నారు. అంతోనయ్యా నవ్వాడు. ఇంటికి వచ్చి కత్తి తీసుకుని చిప్ప కట్లు కోసి పారేశాడు. చిట్టెమ్మ అడ్డం పడితే, అది దొరల సోకు, బొమ్మలో అందం కోసం పెట్టారు, బాణాలు నిలబెట్టేది ట్యూబు గాని చిప్ప కాదు అని నోరు మూయించాడు. ఆ వారంలోనే ములుకులు కమ్మరి దగ్గర సాన పట్టించుకుని వచ్చాడు. మనిషిని అభిమానం పొడిస్తే బుద్ధి ఎంత దూరం పోతుందో చూడండి.

శనివారం పొద్దున్న కొందరు రేకు డబ్బాలు కొడుతూ గుట్ట అవతలి నుంచి పందులను తోలారు. విల్లులున్న వాళ్లు ఎండిన వాగు వెంట వరసగా నిలబడ్డారు. శౌరయ్య ఒక చిల్లకంప పక్కన, అతనికి రెండడుగులు వెనగ్గా అంతోనయ్య. ములుకులు బయటికి ఉన్నాయేంటి, గుడ్డ చుట్టుకోరాదూ అని యేసుదాసు అన్నాడు. ఆఁ అని ఊరుకున్నాడు అంతోనయ్య. గుడ్డ విప్పుతూ కూర్చుంటే మళ్లీ పోయిన ఏడు సంగతే అవుతుందని అతని లెక్క.

పంది వచ్చింది. కంపలు విరుచుకుంటూ నేరుగా వాళ్ల మీదికే వచ్చింది. దాని కోరలు చూసేసరికి అంతోనయ్యకు విల్లూ గుర్తు రాలేదు, డప్పులూ గుర్తు రాలేదు. పారిపోదామని గిర్రున తిరగబోయి, కాలు తట్టుకుని బావ మీదికే తూలాడు. చేతిలో విల్లు కూడా అడ్డంగా తిరిగింది. దాని పక్కన వరసగా ఉన్న ములుకులు శౌరయ్య తొడలో వెనకనుంచి దిగాయి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. పంది వాళ్ల పక్కనుంచి దూసుకుపోయి, కాస్త దూరంలో మళ్లీ ఆ యేసుదాసు బాణానికే పడింది.

జనం పరుగెత్తుకొచ్చేసరికి శౌరయ్య తొడ నుంచి నెత్తురు కారుతోంది. అతని మీద అంతోనయ్య పడి ఉన్నాడు. పంది కోరతో పొడిచింది, బావమరిది అడ్డం పడ్డాడు కాబట్టి ప్రాణం దక్కింది అని ఎవరో అన్నారు. అవును, అడ్డం పడ్డాడని ఇంకెవరో అన్నారు. పందేనా శౌరయ్యా అని అడిగితే అతను కళ్లు మూసుకుని పందే అన్నాడు. అంతోనయ్య నోరెవరూ నొక్కలేదు. కాదు, నా బాణాలే అనడానికి కావలసినంత వ్యవధి ఉంది. వాగు దిగేదాకా ఉంది, గుట్ట దాటేదాకా ఉంది, పల్లె చేరేదాకా ఉంది. తేలు కుట్టిన దొంగలా నడిచాడు. పల్లెకు చేరేసరికి అతను మొనగాడైపోయాడు.

బజారు నుంచి ఆరెంపీ డాక్టరును పిలుచుకొచ్చారు. పంది కోర అంటే ఆయనా పంది కోరే అనుకున్నాడు. కడిగి, కుట్లు వేసి, సూది మందు ఇచ్చి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం అంతోనయ్య విల్లు తుడుద్దామని తీస్తే ఒక బాణానికి ములికి లేదు. లక్క వేసి దారం చుట్టిన చోట పుల్ల చీలి ఉంది. నెత్తురు పుల్ల మీదికి జానెడు మేర పాకింది. ములికి కంపల్లో ఎక్కడో ఊడి పడిందని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే ఆ పుల్లను పొయ్యిలో పెట్టాడు. ఊడి పడిందని నమ్మినవాడికి పుల్ల కాల్చాల్సిన అవసరం ఏమొచ్చింది?

సాయంత్రం డప్పులు వచ్చాయి. పందిని కొట్టింది నేనే గాని ప్రాణానికి తెగించింది అంతోనయ్య, తల అతనిదే అని యేసుదాసు తనకు తానే వదులుకున్నాడు. ఎన్నేళ్లుగానో కోరుకున్న డప్పు గుమ్మంలో మోగుతుంటే అంతోనయ్య తల ఎత్తలేక నేల చూస్తూ నిలబడ్డాడు. ఎంత అణకువో అని ఆడవాళ్లు అనుకున్నారు. పండుగ రోజు అక్కమ్మే ఆ తల వండి, గిన్నెతో పట్టుకొచ్చి, నా పసుపు కుంకుమలు నిలబెట్టావు తమ్ముడూ అంటూ తన చేత్తో వడ్డించింది. అతను తిన్నాడు. తినకపోతే ఎందుకని అడుగుతారు కదా. అంతకు ముందు చర్చిలో కూడా అంతే. పండుగ పూజలో ఫాదరుగారిచ్చే సత్‌ప్రసాదానికి లేవకపోతే అందరి కళ్లూ తన మీదే ఉంటాయని లేచాడు. లేచి, పాపం ఒప్పుకోకుండా అది పుచ్చుకోకూడదని తెలిసీ వరసలో వెళ్లి, నాలుక చాపి పుచ్చుకున్నాడు. గొంతు దిగేటప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. వచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఏడిస్తే, భక్తి అనుకున్నారు.

పండుగ మర్నాడు ఒక్కడే వాగు దగ్గరికి వెళ్లి, చిల్లకంప చుట్టూ ఆకులన్నీ చేత్తో ఎత్తి చూశాడు. ఇసుక జల్లించాడు. ములికి దొరికితే బావ కాలులో లేనట్టే. దొరకలేదు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ దొరకలేదు. ఇటు చూస్తే శౌరయ్యకు జ్వరం మొదలైంది. తొడ గట్టిపడి ఎర్రగా ఉబ్బింది. గోడ అవతల బావ మూలుగుతుంటే ఇవతల ఇతను చెవులు మూసుకుని పడుకునేవాడు. చెబుదామని లేచి వెళ్లేవాడు. మంచం పక్కన కూర్చునేవాడు. మజ్జిగ కావాలా బావా అని అడిగి, కలిపి ఇచ్చి వచ్చేసేవాడు. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటారని ఒక రోజు, రేపటికి జ్వరం దిగితే చెప్పాల్సిన పనే ఉండదని ఇంకో రోజు. మింగలేడు, కక్కలేడు. నవ్వుకే భయపడే మనిషి ఇక ఛీ అంటారంటే ఎంత భయపడతాడో నేను అర్థం చేసుకోగలను. క్షమించగలనని మాత్రం అనను.

చివరికి పంది కోర విషానికి వాత పెట్టడమే మందని, పల్లెలో పెద్దవాళ్లు ఒక పొద్దున కొడవలి కాల్చారు. కాలు కదలకుండా పట్టుకోవడానికి బలమైనవాడు కావాలి. ఇంకెవరు, ప్రాణం కాపాడిన బావమరిదే. అంతోనయ్య రెండు చేతులతో బావ కాలు పట్టుకున్నాడు. కాలు జ్వరానికి మంట మీద పెట్టినట్టు కాలుతోంది. కొడవలి ఎర్రగా కాలి దగ్గరికి వస్తుంటే శౌరయ్య పైపంచె కొస నోట్లో కుక్కుకుని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు అంతోనయ్య నోరు తెరిచాడు.

"వాత పెట్టొద్దు. అది పంది కోర కాదు. నా బాణాలు దిగినియ్. ములికి లోపల ఉండిపోయిందేమో, నాకు తెలీదు."

కొడవలి పట్టుకున్న మనిషి దాన్ని నీళ్ల బానలో ముంచాడు. అక్కమ్మ తమ్ముడి వంక చూసి, మొగుడి కాలి మీద ఉన్న అతని చేతులు ఒకటొకటిగా తీసి పక్కన పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురు చూశాడు.

ఆ పొద్దే శౌరయ్యను బస్సు వెనక సీట్లో పడుకోబెట్టి బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అంతోనయ్య కూడా వెళ్లాడు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. దారి పొడుగునా బావ తల ఒళ్లో పెట్టుకుని అక్కమ్మ కూర్చుంటే అతను నిలబడే వెళ్లాడు. డాక్టర్లు తొడ కోసి ములికి తీశారు. ఇంకొంచెం ఆలస్యమైతే కాలు తీసెయ్యాల్సి వచ్చేదన్నారు. కాలు దక్కింది గాని నరం దెబ్బ తింది, ఇక మోకాలు సరిగ్గా వంగదని, చెట్లెక్కే పని మానుకోమని చెప్పారు. శౌరయ్యకు చెట్లెక్కడం తప్ప వేరే పని రాదు.

జ్వరం దిగాక ఒక మధ్యాహ్నం అక్కమ్మ జావ తేవడానికి బయటికి వెళ్లింది. మంచం దగ్గర బావ, బావమరిది మిగిలారు. శౌరయ్యే మాట మొదలుపెట్టాడు. నీ బాణమని నాకు ఆ రోజే తెలుసన్నాడు. పంది ఎదురుగా వస్తే దెబ్బ వెనకనుంచి ఎలా తగులుతుంది అన్నాడు. వాళ్లంతా నిన్ను పొగుడుతుంటే, పండగపూట నలుగురిలో నీ పరువెందుకు తియ్యాలని నేనే పంది అన్నానన్నాడు. నేను కూడా నిన్ను చూసి నవ్విన నవ్వులు ఎక్కువేలే అన్నాడు. అంతోనయ్య మంచం పట్టె పట్టుకుని తల వంచుకున్నాడు. శౌరయ్య మళ్లీ అన్నాడు.

"ములికి లోపల ఉండిపోయిందని మాత్రం నాకు తెలీదురా. తెలిస్తే నేనే చెప్పేవాణ్ణి. నీకు తెలుసా?"

తెలియదని ఇప్పటికే పల్లె అంతటి ముందూ అని ఉన్నాడు. ఆ మాట మీదే ఉండొచ్చు. పుల్ల బూడిదైపోయింది, చూసినవాళ్లు లేరు. అంతోనయ్య తల ఎత్తి బావ ముఖం చూశాడు.

"తెలుసు బావా. శనివారం మధ్యాహ్నమే తెలుసు."

శౌరయ్య ముఖం పైకప్పు వైపు తిప్పుకున్నాడు. వాత పెట్టబోయిన కొడవలి గుర్తొచ్చిందో, తను తాగిన మజ్జిగ గుర్తొచ్చిందో. వరండాలో అక్కమ్మ గొంతు వినిపించింది. అప్పుడు బావమరిది వైపు చూడకుండానే మెల్లిగా అన్నాడు.

"మీ అక్కకి చెప్పమాక. అది తట్టుకోలేదు."

అక్కమ్మ లోపలికి వచ్చి మొగుడికి జావ పట్టింది. తర్వాత ఇంకో గ్లాసులో పోసి, ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి తమ్ముడితో మాట్లాడింది. కావాలని చేశావా ఏంటి, భయపడి చెప్పలేకపోయావు, ములికి లోపల ఉందేమోనని అనుమానం రాగానే చెప్పావు కాబట్టి కాలు దక్కింది, ఇంక కుమిలిపోకు, ఇది తాగు అంది. అంతోనయ్య బావ వంక చూశాడు. బావ కళ్లు మూసుకున్నాడు.

అంతోనయ్య చెయ్యి చాపి అక్క చేతిలో గ్లాసు అందుకున్నాడు.